బ్రేకు లేని కారు చప్పుడు

గుండ్లమిట్ట (బెళుగుప్ప దగ్గర),
21 జూలై 1961

యేసన్నకు ఇమాం హుస్సేన్ సలాములు.

నీ జాబు అందింది. మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. ఇక్కడ అందరం క్షేమం. వాన తప్ప అన్నీ ఉన్నాయి. మబ్బు రోజూ వస్తుంది, మా ఊరి మీద కాసేపు నిలబడి, ఇది తనకు తగిన చోటు కాదనుకుని బళ్లారి వైపు పోతుంది. వేరుశెనగ విత్తనం ఇంకా గోతాల్లోనే ఉంది. సావుకారు హనుమంతప్ప నూనె మిల్లు మాత్రం పోయినేటి కాయతో ఆడుతోంది. ఆయన కారు కూడా ఆడుతోంది. దాన్ని ఆడించేవాణ్ని నేను. పద్దెనిమిదేళ్లయింది. కారు నాకంటే రెండేళ్లు ముందే కొలువులో చేరింది గనుక గౌరవం దానికే ఎక్కువ.

ఈ జాబు రాయడానికి అసలు కారణం రేడియో. సర్కారు వాళ్లు పంచాయతీకి ఇచ్చిన పెట్టె ఇన్నాళ్లూ ఎరువుల సంగతులు చెబుతూ ఉండేది. దానికి ఎదురుగా ఒక కుక్క పడుకుని వినేది. జూన్ నుంచి గురువారం సాయంత్రం ఏడు గంటలకు హత్యానాటకం వేస్తున్నారు. 'జమీందారు ఆఖరి ప్రయాణం' అని పేరు. పదమూడు వారాలట. మొదటివారమే జమీందారు పోయాడు. కొండదారిలో కారు దిగుతుంటే బ్రేకు పట్టలేదు. ఎవరో బ్రేకు నూనె గొట్టం కోసేశారు. డిటెక్టివ్ చక్రధర్ ప్రతి వారం ఒకర్ని అనుమానించి, మరుసటి వారం వాళ్లకు క్షమాపణ చెబుతాడు. ఇప్పుడు కుక్కకు చోటు లేదు. ఊరంతా అక్కడే.

మీ రైలు గార్డులు దిగి పడుకునే రన్నింగ్ రూములో రేడియో ఉందన్నావు కదా, నువ్వూ వినే ఉంటావు. ఆ జమీందారు చచ్చిన తీరు జ్ఞాపకం ఉందా? "బ్రేకు! బ్రేకు పట్టడం లేదు!" అని రెండు నిమిషాలు అరిచాడు. ఆ రెండు నిమిషాలూ వెనక నుంచి కీచుమని బ్రేకు వేసిన చప్పుడు. యేసన్నా, నువ్వే చెప్పు. బ్రేకే లేని కారు కీచుమని ఎట్లా అంటుంది?

ఈ మాట నేను ఆ రోజే పైకి అనేశాను. జనం పడిపడి నవ్వారు. ఇక అప్పటినుంచి వాళ్ల నాటకం అయిపోగానే నా నాటకం. నలభైమంది కదలకుండా కూర్చుంటారు. బ్రేకు పోతే ఏం చెయ్యాలో నేను వరుసగా చెబుతాను. పెడలు తొక్కి పట్టకూడదు, ఆవు పాలు పిండినట్టు విడిచి విడిచి తొక్కాలి. మూడో గేరు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి. చేతి బ్రేకు లాగాలి. అదీ కుదరకపోతే మెత్తటి చోటు చూసి దించాలి. అరవడం అన్నిటికంటే ఆఖరున. హెడ్డు కానిస్టేబుల్ రామదాసు ముందు వరుసలో కూర్చుని ఇదంతా నోటుబుక్కులో ఎక్కిస్తాడు. బ్రేకు నూనె అంటే దొరల మందేమీ కాదనీ, అందులో సగం ఆముదమేననీ నిన్న చెప్పాను. అందరూ నోళ్లు తెరిచారు. ఇంత సులువా అన్నారు.

మిల్లులో మూటలు మోసే మారెప్ప అని ఒకడున్నాడు. ముందర కూర్చుంటాడు. వాడు లేచి, "అన్నా, ఆ గొట్టం యాడ ఉంటాది? వంగి చూస్తే కనపడతాదా?" అని అడిగాడు. "మూటలు మోసేవానికి గొట్టం ఎందుకప్పా, మోకు ఉంటే చాల్దా?" అన్నాను. ఊరు ఒకటే నవ్వు. వాడు కూడా నవ్వి కూర్చున్నాడు.

హబీబా మాత్రం నవ్వదు. "ఇంట్లో నోరు తెరవవు, ఆడ పోయి నలభైమందికి పాఠాలు చెప్తాండావు" అంటుంది. నలభైమంది వింటే ఎవరికైనా నోరు లేస్తుంది కదా.

నీ
ఇమాం


గుంతకల్లు,
28 జూలై 1961

ఇమాం సాబుకు యేసన్న వందనాలు.

నీ జాబు నేనొక్కణ్నే చదువుకుందామని కూర్చున్నాను. నాలో నేను నవ్వుతుంటే పక్కవాళ్లు ఊరుకుంటారా. రన్నింగ్ రూములో గట్టిగా చదవాల్సి వచ్చింది. కుక్కకు చోటు లేదన్న దగ్గర ఒకడు టీ ఒలకబోసుకున్నాడు. కీచు చప్పుడు గురించి ఇక్కడ పెద్ద చర్చ జరిగింది. మా పెద్ద గార్డు తీర్పు ఏమంటే, "అది బ్రేకు కాదప్పా, జమీందారు పెండ్లాము. ముందుగానే ఏడవడం మొదలుపెట్టింది" అని.

నువ్వు చెప్పిన పాఠంలో మాకు పనికివచ్చేది ఒక్కటీ లేదు. నా గూడ్సుబండికి నలభై పెట్టెలు. ఆగమంటే వెంటనే ఆగే మర్యాద దానికి లేదు. అర మైలు ఆలోచించి ఆగుతుంది. ఆ జమీందారు నా బండిలో వచ్చి ఉంటే అరిచి, వీలునామా రాసి, సాక్షుల సంతకాలు కూడా పెట్టించేవాడు.

గార్లదిన్నె బడిలో అయ్యవారు ప్రశ్న వేస్తే నువ్వు నా వెనక దాక్కునేవాడివి. ఇప్పుడు నలభైమందికి నువ్వే అయ్యవారివి. లోకం తలకిందులైంది, వాన ఎందుకు పడుతుంది చెప్పు.

నీ జాబులకు ఇక్కడ నాటకం కంటే గిరాకీ ఎక్కువ. ఆలస్యం చెయ్యొద్దు.

నీ
యేసన్న


గుండ్లమిట్ట,
18 ఆగస్టు 1961

యేసన్నకు ఇమాం సలాములు.

ఆలస్యానికి కారణం ఉంది. నేను బతికే ఉన్నాను, ముందు ఆ సంగతి తెలుసుకో. పై పన్ను ఒకటి పోయింది.

పన్నెండో తేదీ శనివారం సావుకారును కళ్యాణదుర్గం నుంచి తీసుకువస్తున్నాను. ఊరి ముందర వంకలోకి దిగే వాలు నీకు తెలుసు. అక్కడ పెడలు తొక్కాను. నేలకు తగిలింది. అడుగున ఏమీ లేదు, మెత్తగా దిగిపోయింది. నలభైమందికి చెప్పిన పాఠం మొత్తం ఒక్క క్షణంలో జ్ఞాపకం వచ్చింది, కాని వరుస తప్పింది. అరవడం ఆఖరున అన్నాను కదా, మొదట అదే చేశాను. తర్వాత గేరు తగ్గించాను. చేతి బ్రేకు లాగితే తీగ చేతికి వచ్చింది. మిగిలింది మెత్తటి చోటు. వంకలో ఇసుక ఉంది. అయిదేళ్లుగా ఆ వంకలో నీళ్లు పారలేదు. కరువు మనుషులను బతికించడం నేను చూడ్డం ఇదే మొదలు. కారు ఇసుకలో మూతి పెట్టి నిలబడింది. సావుకారుకు భుజం ఎముక విరిగింది. కారు మాత్రం కీచుమనలేదు. ఖురాను మీద ప్రమాణం చేసి చెబుతాను.

చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఒక ముసలామె ముక్కు ఎగబీల్చి, "ఈ వంకలో బజ్జీలు ఎవరు కాలుస్తాండారే?" అంది. నిజంగానే చక్రాల దగ్గర బజ్జీల వాసన వస్తోంది. ఎవరూ పట్టించుకోలేదు. అందరి చూపూ రామదాసు మీద. అతను నాటకాల డిటెక్టివ్ మాదిరి చేతులు వెనక్కు కట్టుకుని కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఎద్దులు కట్టించి కారును ఠాణా ముందరికి లాగించాడు. బానెట్టుకు, తలుపులకు లక్క సీలు వేశాడు. అనంతపురం నుంచి మెకానిక్కు వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదట. మెకానిక్కుకు కబురు పంపాడో లేదో నాకు తెలియదు.

ఇక విచారణ. ఊళ్లో అందర్నీ కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఆ గొట్టం యాడ ఉంటాదని అడిగినోడు ఎవడు?" నలభై గొంతులు ఒక్కసారిగా "మారెప్ప" అన్నాయి. పైగా మారెప్పకూ సావుకారుకూ మాటామాటా వచ్చి ఉంది. పెద్ద బస్తాకు ఇద్దరు మనుషులు కావాలని వాడు హమాలీలందరి తరపునా అడుగుతున్నాడు. జెండా పండుగ అయిన మరుసటిరోజు, అంటే పదహారో తేదీ, వాణ్ని లోపల వేశారు. కాగితాల మీద వాడు లేడు, గదిలో ఉన్నాడు. నాటకం లెక్క ప్రకారం అయితే వచ్చే గురువారానికి క్షమాపణ చెప్పి వదిలేయాలి.

నవ్వు వచ్చేదేమంటే గొట్టం ఎవరూ కోయలేదు. లోపల రబ్బరు వాషరు పూరీలా ఉబ్బి చిరిగింది, అంతే. కాని పూరీతో హత్యానాటకం నడవదు కదా. రామదాసుకు గొట్టమే కావాలి.

సావుకారు మంచంలో ఉన్నాడు. నాకు తోలడానికి కారు లేదు. పన్ను పోయిన సందులోంచి ఈల బాగా వస్తోంది.

నీ
ఇమాం


గుంతకల్లు,
21 ఆగస్టు 1961

ఇమాం సాబుకు యేసన్న వందనాలు.

దేవుడు నిన్ను కాపాడాడు. నీ జాబు నిన్న వచ్చింది. మొదటి రెండు వాక్యాలు నాలో నేను చదువుకుని, నువ్వు బతికున్నావని తేలాక రన్నింగ్ రూములో గట్టిగా చదివాను. అరవడమే మొదట చేశానన్న దగ్గర నవ్వి నవ్వి ఒకడికి పొలమారింది, వీపు చరచాల్సి వచ్చింది. చేతి బ్రేకు తీగ చేతికి రావడం, కరువు ప్రాణం నిలపడం, పూరీలా ఉబ్బిన రబ్బరు, ఇవన్నీ బాగున్నాయి. మా పెద్ద గార్డు, "మీ స్నేహితుడు ఇంకో పన్ను పోగొట్టుకున్నా మనకు మంచిదే" అన్నాడు.

ఆ మారెప్పను రెండు దినాల్లో వదిలేస్తారులే. అటువంటి కేసు ఎక్కడ నిలుస్తుంది.

ఇంకా రాయి. రామదాసు ఏం చేస్తున్నాడో వివరంగా రాయి.

నీ
యేసన్న


గుండ్లమిట్ట,
25 ఆగస్టు 1961

యేసన్నకు ఇమాం సలాములు.

రామదాసు గురించి అడిగావు. వంక ఇసుకలో అడుగుజాడ ఒకటి దొరికిందని దాని మీద తట్ట బోర్లించి, పక్కన మనిషిని కాపలా పెట్టాడు. రెండు దినాల తర్వాత అది తన సొంత బూటు జాడ అని తేలింది. తట్ట మాత్రం తియ్యలేదు. నిన్న పన్నెండో వారం. డిటెక్టివ్ వంటవాణ్ని పట్టుకుని, ఏడ్పించి, తప్పయిందని వదిలేశాడు. రామదాసు దాన్ని కూడా రాసుకున్నాడు, కాని క్షమాపణ దగ్గర పెన్సిలు ఆపాడు. నేను కళ్లారా చూశాను. ఠాణా పంచాయతీకి ఎదురుగానే కాబట్టి మారెప్పకు కూడా కిటికీలోంచి నాటకం వినబడుతుంది. టిక్కెట్టు లేని ఆట.

నిన్న నాటకం అయ్యాక నన్ను పాఠం చెప్పమన్నారు. పన్ను నొప్పి అని వచ్చేశాను.

ఇక్కడినుంచి రాసేది రన్నింగ్ రూములో చదవొద్దు.

ఈ పొద్దున మారెప్ప పెండ్లాం నల్లమ్మ మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే కూర్చుంది. హబీబా లోపలికి రమ్మన్నా రాలేదు. "అన్నా, గొట్టం ఏడుందని అడిగినోళ్లంతా కోస్తారా?" అంది. నేను లేదన్నాను. "వాడు ఎందుకు అడిగినాడో నీకు తెల్దు. మెడ మింద మాంసం గడ్డకట్టుకోని పోయింది. ఇంక మోసేది చాతకాదే అంటాండాడు. డ్రైవరు పని నేర్సుకుంటా, ఇమామన్నను అడుగుతా అనె. నిన్ను అడగల్లంటే బయము. ముందు కొంచెం తెలుసుకోని అడుగుదామని గురువారం గురువారం వచ్చి నీ ముందర కూసున్నాడు" అంది. తర్వాత, "నువ్వు చెప్తే రామదాసు ఇంటాడు. బండి సంగతి నీకు తెలిసినట్ల ఈ ఊర్లో ఎవరికి తెలుసు?" అంది.

చెబుతానులే అని పంపించాను. ఏం చెబుతానో నాకే తెలియదు. ఆమె పోయాక హబీబా నా మొహం ఒకసారి చూసి పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

నాకు నలభై ఆరేళ్లు. ఈ చేతులకు స్టీరింగు తప్ప వేరే పని రాదు. లైసెన్సు లేని డ్రైవరు ఈ మిట్టలో ఏం చేస్తాడు? మూటలు మోస్తాడు. ఏదో మాటకు రాస్తున్నాను. నువ్వు ఏమీ అనుకోవద్దు.

రామదాసు తట్ట మీద ఈరోజు కోడి గుడ్డు పెట్టింది. అదీ సాక్ష్యమేనేమో.

నీ
ఇమాం


గుంతకల్లు,
28 ఆగస్టు 1961

ఇమాం,

ఈ జాబు ఎవరిముందూ చదవొద్దు. నీదీ నేను ఎవరిముందూ చదవలేదు.

ఒక్కటి అడుగుతాను. కారుకు సీలు వేశారని నువ్వే రాశావు. మెకానిక్కుకు కబురు పోయిందో లేదో కూడా తెలియదన్నావు. లోపలి రబ్బరు పూరీలా ఉబ్బి చిరిగిందని నీకెట్లా తెలిసింది? విప్పి చూసినవాడు ఎవడూ లేడు. విప్పకుండానే తెలిసేది లోపల ఏం పోశారో ఎరిగినవాడికి. ఆ చక్రాల దగ్గర బజ్జీల వాసన దేనిది? అది మీ మిల్లు శెనగనూనె, ఆముదానికి తట్టుకునే రబ్బరు దానికి ఉబ్బుతుంది. ఆ కారులో నూనె పోసేది నువ్వొక్కడివే.

నువ్వే పోశావు, ఇమాం. ఎందుకు పోశావో నాకు తెలియదు. మారెప్పకు కీడు చెయ్యాలని కాదు, అది తెలుసు. కాని వాడు లోపల ఉన్నాడు, నువ్వు నాకు కోడిగుడ్డు గురించి రాస్తున్నావు.

చెబితే లైసెన్సు పోతుంది. కొలువూ పోతుంది. ఆ మాట నేను తేలిగ్గా అనడం లేదు. నాకైనా చేతిలో జెండా లాగేస్తే ఏమీ మిగలదు. అయినా పోయి చెప్పు. శనివారంలోగా నువ్వు చెప్పకపోతే రామదాసుకు నేను రాస్తాను. స్నేహితుణ్ని పట్టిచ్చాడన్న పేరు వస్తే రానీ.

యేసన్న


గుండ్లమిట్ట,
4 సెప్టెంబరు 1961

యేసన్నకు ఇమాం సలాములు.

నేనే పోశాను.

ఆగస్టు మూడో తేదీ. బ్రేకు నూనె అడుగంటింది. సావుకారు అనంతపురం పోయి తెచ్చుకో అన్నాడు. పోతే తిరుగు బస్సు రాత్రి తొమ్మిదికి. ఆరోజు గురువారం. ఏడుకు నాటకం, ఆ తర్వాత నేను. నా కోసం అంతమంది కూర్చుని ఉంటారు, నేను బస్సులో ఉంటాను. మనసు ఒప్పలేదు. ఆముదం కోసం అంగడికి పోయాను, లేదన్నారు. మిల్లులో అప్పుడే దిగిన శెనగనూనె నిగనిగలాడుతోంది. నూనె నూనే కదా అనుకున్నాను. నాకు అనుమానమే రాలేదు. అందరికీ పాఠం చెప్పేవాడు ఎవర్ని అడుగుతాడు? పెడలు పట్టు మారుతోందని వారం ముందే కాలికి తెలిసింది. వచ్చే గురువారం అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. వంకలో ఆ ముసలామె బజ్జీలు అన్నప్పుడు నాకు మొత్తం అర్థమైంది.

నీ జాబు ముప్పయ్యో తేదీ వచ్చింది. ముందు సావుకారు దగ్గరికి పోయాను. మంచం మీద భుజానికి కట్టుతో ఉన్నాడు. చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. "నాకు తెల్దా ఇమామూ? నా మిల్లు నూనె వాసన నాకు తెల్దా? ఇసుకలో పడిన దినమే తెలుసు" అన్నాడు. మరి మారెప్ప అన్నాను. "వాడు ఇంకో నాలుగు దినాలు ఆడ ఉండనీ. బస్తాకు ఇద్దరు మనుషులు గావల్ల అంటాడే, వాడు లోపలికి పోయినప్పటి సంది ఎవడూ ఆ మాట ఎత్తలే. ఒక్కొక్కడే మోస్తాండారు. నువ్వు గమ్మునుండు. కారు బాగుజేయిస్తా" అన్నాడు. యేసన్నా, నేను చేసింది తప్పు. ఆయనది తప్పు కాదు, అంతకంటే పెద్దది. అయితే నా తప్పు లేకుంటే ఆయనకు ఆ సందు దొరికేది కాదు. వచ్చేటప్పుడు ఆయనకు నమస్కారం కూడా పెట్టాను, అలవాటు కదా.

మరుసటిరోజు గురువారం పొద్దున రామదాసు దగ్గరికి పోయి చెప్పాను. అతను నన్ను పైకీ కిందికీ చూశాడు. "నేరం జేసినోడు తనంతట తాను వచ్చి ఒప్పుకొనేది నేను యాడా వినలే. నీకు వాని మింద జాలి, అంతే. పో. ఈ పొద్దు ఆఖరి వారం, సాయంత్రం తొందరగా రా" అన్నాడు. నోటుబుక్కు తియ్యనైనా తియ్యలేదు.

సాయంత్రం పంచాయతీ ముందర ఇన్నూరుమంది. బెళుగుప్ప నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. నేను రేడియో పక్కన నిలబడ్డాను. డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి చుట్టూ తిరుగుతున్నాడు. "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు. అతని పేరు" అన్నాడు. అప్పుడు నేను మీట తిప్పి రేడియో ఆపేశాను.

అరిచారు, రాళ్లు తీశారు. నా జీవితంలో అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు. "కారు బ్రేకులో శెనగనూనె పోసింది నేను. ఎవడూ ఏ గొట్టం కోయలే. మారెప్ప ఏం జేయలే. అనంతపురం పోతే నాటకం తప్పిపోతాదని పోసినా" అన్నాను. రాళ్లు తీసినవాళ్లు వాటిని కింద పడేశారు. తర్వాత వెనకనుంచి ఒకడు, "అది సరే, మళ్లీ పెట్టప్పా!" అన్నాడు. నేను మీట మీద చెయ్యి తియ్యలేదు. ఇన్నూరుమంది విన్న మాటను రామదాసు విననట్టు ఎట్లా ఉంటాడు? మళ్లీ పెట్టేసరికి నాటకం అయిపోయి, ఎరువుల సంగతి వస్తోంది.

శుక్రవారం పొద్దున అందరి ముందూ సీలు తీసి నేనే విప్పి చూపించాను. రబ్బరు ఉబ్బి, చిరిగి ఉంది. నూనె వాసన అందరికీ తెలిసింది. మారెప్పను వదిలారు. నా లైసెన్సు రామదాసు తీసుకున్నాడు, నా మీద కేసు రాశాడు. సావుకారు మనిషిని పంపి కారు తాళంచెవి తెప్పించుకున్నాడు. ఊళ్లో నా మీద కోపంగా ఉంది. నూనె పోసినందుకు కాదు, రేడియో ఆపినందుకు. హంతకుడెవరో నిన్ను అడిగి చెప్పమని దినం ఇద్దరు ముగ్గురు వస్తున్నారు.

వదిలిపెట్టేటప్పుడు నేను ఠాణా గుమ్మం దగ్గర ఉన్నాను. నల్లమ్మ కూడా ఉంది. మారెప్ప బయటికి వచ్చి నా ముందర నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. "పదహారు దినాలన్నా" అన్నాడు. "నీకు మొదటిదినమే తెలుసు గదా?" అన్నాడు. తెలుసన్నాను. వాడు నేల చూస్తూ, "నేను లోపల కూచోని ఎవడు కోసింటాడా అని ఒకటే ఆలోచన. దినానికి ఒకర్ని అనుకొంటాంటి. మా వాళ్లను గూడా అనుకొంటి. నిన్ను మాత్రం ఎప్పుడూ అనుకోలే" అన్నాడు. అని పెండ్లాంతో కలిసి ఇంటికి వెళ్లిపోయాడు.

నాకు సిగ్గుగా ఉంది యేసన్నా. ఇంకో మాట రాదు. ఆ పదహారు దినాల్లో నీకు రెండు జాబులు రాశాను. రెండింట్లోనూ తమాషాలే. అవి ఉంటే చించెయ్యి.

నీ
ఇమాం


గుంతకల్లు,
7 సెప్టెంబరు 1961

ఇమాం సాబుకు యేసన్న వందనాలు.

చించను.

హంతకుడు జమీందారు గుమాస్తా. ఊరివాళ్లకు చెప్పు, శాంతిస్తారు.

ఇప్పుడు నా సంగతి విను. నీ పద్దెనిమిదో తేదీ జాబు నాకు ఇరవయ్యో తేదీన చేరింది. గట్టిగా చదువుతున్నాను. పూరీలా ఉబ్బిన రబ్బరు అన్నచోట నాకు తెలిసిపోయింది. పదిహేనేళ్లు గూడ్సుబండి చివర గార్డు బ్రేకు పెట్టెలో కూర్చున్నవాణ్ని, అంతమాత్రం తెలియదా? సీలు, వాసన, రబ్బరు, మూడూ ఆ ఒక్క జాబులోనే ఉన్నాయి. నీ తర్వాతి జాబుతో నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

కాని చుట్టూ ఏడుగురు నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. అప్పుడే అడిగి ఉంటే నువ్వు ఇంక అట్లాంటి జాబు రాయవు. తర్వాతి జాబు ఎట్లా ఉంటుందో వినాలని నాకూ ఆశ. అందుకే అంతా తెలిసి కూడా, రెండు దినాల్లో వదిలేస్తారులే, ఇంకా రాయి అని రాశాను. నీ ఇరవై అయిదో తేదీ జాబులో నల్లమ్మ గడప దగ్గర కూర్చునేదాకా నాకు ఆ మనిషి ఒక మనిషి అనిపించలేదు. అప్పుడు మాత్రం నీకు నీతులు రాశాను, పట్టిస్తానని బెదిరించాను కూడా.

ఇరవై ఒకటి నుంచి ఇరవై ఎనిమిది దాకా ఏడు దినాలు. మారెప్ప పదహారు దినాల్లో ఆ ఏడు నావి.

ఆదివారం నాకు డ్యూటీ లేదు. మొదటి బస్సుకు వస్తాను. నువ్వు బస్సు దగ్గరికి వచ్చి మారెప్ప ఇల్లు ఏదో చూపించు. లోపలికి నేనొక్కణ్నే పోతాను.

యేసన్న